అధ్యక్షుడి చుట్ట

ఆ ఆదివారం రాజలింగం చేయవలసిన పని ఒక్కటే. తొమ్మిదిన్నరకు చుట్ట అంటించాలి, పదిన్నరకు ఆర్పాలి, ఆ గంటలో నాలుకకు తెలిసిన రుచిని ఒక అట్ట మీద రాయాలి. తర్వాత స్నానం చేసి, కిటికీ బార్లా తెరిచి, భార్య వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి. రెండు రోజులు ఆలోచించి వేసుకున్న పథకం అది. ఎటు తిప్పి చూసినా అందులో లోపం కనబడలేదు.

అది మామూలు చుట్ట కాదు. ముంబై వర్లిలో ఒక పెద్ద హోటల్లో సిగార్ గది ఉంది. తోలు కుర్చీలు, మసక దీపాలు, గాజు బీరువాలో వరసగా పేర్చిన సిగార్లు. రాజలింగం పదకొండేళ్లుగా ఆ గదిలో స్టూవర్డు. సిగారు కొనను ఎంత మేర కోయాలో, దేవదారు పుల్లతో ఎలా అంటించాలో, బూడిదను ఎంత పొడుగు పెరగనివ్వాలో అతనికి తెలిసినంతగా తాగేవాళ్లకే తెలియదు. రుచి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, "కోకో సార్, నడుమ కొంచెం తోలు, చివర్లో కాల్చిన బాదం" అనేవాడు. అది సిగార్ కంపెనీవాళ్ల పుస్తకంలో ఉన్న మాట. తాను మాత్రం ఇంతవరకు ఒక్క సిగారూ నోట పెట్టలేదు.

ఈమధ్య ఆ గదికి పెద్ద స్టూవర్డు పోస్టు ఖాళీ అయింది. మేనేజరు నిలేష్ రాజలింగంతో కలిపి ముగ్గురిని పిలిచి, తలా ఒక కొత్త రకం సిగారూ తలా ఒక అట్టా ఇచ్చాడు. సోమవారం కంపెనీ పెద్దమనిషి వస్తాడు. రుచిని ఎవరి సొంత మాటల్లో వాళ్లు రాసి తేవాలి. పుస్తకంలో మాటలు ఎక్కిస్తే ఆయన మొదటి వాక్యంలోనే పట్టేస్తాడు. పొగను మింగకూడదు, నోట్లో తిప్పి వదిలేయాలి. ఉద్యోగులు హోటల్ ఆవరణలో పొగ తాగకూడదు కాబట్టి ఆ పని ఇంట్లోనే కానివ్వాలి.

చిక్కంతా ఆ ఇంటితోనే. కామాటిపుర పదకొండో గల్లీలో రాజలింగం ఉండే చాలీకి, అంటే ఎక్కువగా తెలుగువాళ్లుండే ఆ వరసగదుల మేడకు, ఒక వ్యసనముక్తి సంఘం ఉంది. బీడీలతో తండ్రి ఊపిరితిత్తులు పాడైపోగా చూసినవాడు కనుక, ఆ సంఘాన్ని పెట్టింది రాజలింగమే. అధ్యక్షుడూ అతనే. మెట్ల కింద ఒక నల్లబల్ల ఉంటుంది. దాని మీద 'మన చాలీలో పొగ తాగినవారు' అని అతని చేతిరాతతోనే ఉంటుంది. కింద రెండేళ్లుగా ఒక్క పేరూ లేదు. అద్దెకున్నవాళ్ల పేరు ఆ బల్ల మీదికెక్కితే వాళ్ల గదిని, చాలీ మాటలో ఖోలీని, ఖాళీ చేయించాలన్న నియమం కూడా అతను రాసిందే. హోటల్లో సిగార్లు అంటించడం గురించి ఎవరైనా ఎత్తిపొడిస్తే, "అది డ్యూటీ" అనేవాడు. ఇప్పుడీ చుట్ట కూడా డ్యూటీయే అని అతను తనకు తాను శుక్రవారం నుంచీ చెప్పుకుంటున్నాడు.

భార్య రత్నాబాయి తొమ్మిదింటికి దాదర్ బయలుదేరింది. అక్కడి తెలుగువాళ్ల హాల్లో చుట్టాలమ్మాయి శ్రీమంతం. కూతురు మనాలి కూడా తల్లితో వెళుతోంది.

"మనాలి నాయనా, అన్నం గిన్నెల ఉంది, పప్పు ఏడి చేసుకో. మేం వచ్చేసరికి రెండైతది."

"నిమ్మళంగ రాండ్రి. తొందరేం లేదు" అన్నాడు రాజలింగం.

ఇరవై నాలుగేళ్ల కాపురంలో అతని నోట ఆమె ఆ మాట వినలేదు. మెట్ల దాకా వెళ్లిన మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ దిగింది.

వాళ్లు మలుపు తిరగగానే రాజలింగం తలుపు వేశాడు. చాలీలో పట్టపగలు తలుపు వేసి ఉందంటే లోపల కొట్లాటైనా జరుగుతుండాలి, ఎవరైనా పోయైనా ఉండాలి. ఆ సంగతి అతని పథకంలోకి రాలేదు. హోటల్లోని కట్టరు తేవడం కుదరక, భార్య వక్కలు కత్తిరించే అడకత్తెరతో సిగారు కొన కోశాడు. అది కొంచెం చీలింది. అగ్గిపుల్లలు ఆరు ఖర్చయ్యాక సిగారు అంటుకుంది. కుర్చీలో వెనక్కి వాలి, హోటల్లో పెద్ద పెద్ద వ్యాపారస్తులు కూర్చునే తీరున కాలు మీద కాలు వేసి, గట్టిగా ఒక దమ్ము లాగాడు. మింగకూడదన్న మాట మింగాక గుర్తొచ్చింది.

దగ్గు తగ్గడానికి అయిదు నిమిషాలు పట్టింది. కళ్లు తుడుచుకుని అట్ట ముందుకు లాక్కున్నాడు. 'మొదటి భాగం రుచి' అని అచ్చేసి ఉన్న చోట 'పొగ' అని రాశాడు. చూసుకుంటే తృప్తిగా అనిపించలేదు. ఆలోచించి, దాని ముందు 'వేడి' అని చేర్చాడు.

అంతలో తలుపు చప్పుడైంది.

"రాజన్నా! ఏం కాలుతుందన్నా లోపల?"

పక్క ఖోలీ తారాబాయి. రాజలింగం కంగారుగా ఇటూ అటూ చూసి, దేవుడి అరలో ఎల్లమ్మ పటం ముందున్న ఊదుబత్తి స్టాండులో సిగారు గుచ్చి, తలుపు జానెడు తెరిచాడు.

"ఏం లేదమ్మా. సాంబ్రాణి."

"దరవాజ బంద్ చేసి సాంబ్రాణి ఏస్తరా ఎవరన్న? దేవునికి ఊపిరాడొద్దా?" అంటూనే ఆమె గట్టిగా పీల్చింది. "మస్తుంది వాసన. ఏం పూజన్నా?"

"మొక్కు."

"ఏం మొక్కు?"

"చెప్పొద్దు. చెప్తే ఫలించదు."

తారాబాయి భక్తిగా తల ఊపి వెళ్లింది. రాజలింగం మళ్లీ రెండు దమ్ములు లాగేలోగా, అతను ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి రహస్యంగా పెద్ద మొక్కు తీర్చుకుంటున్నాడని ఆ అంతస్తంతా తెలిసిపోయింది. ఆ సంగతి విని మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషి శంకర్రావు. మున్సిపాలిటీలో పనిచేసి రిటైరైన ఈ పెద్దాయన నలభై ఏళ్లు బీడీ తాగి, మూడేళ్ల కింద రాజలింగం మాట మీద మానేశాడు. మానినప్పటినుంచీ ఆయన ముక్కు వేటకుక్క ముక్కైంది. గల్లీ చివర ఎవడైనా బీడీ ముట్టిస్తే ఏ రకమో కిటికీలోంచే చెప్పేస్తాడు.

"రాజలింగం, దరవాజ తీ! ఎవడో తంబాకు తాగుతుండు!"

సిగారు మళ్లీ స్టాండెక్కింది. రాజలింగం తలుపు తెరిచి, "సాంబ్రాణి కాకా" అన్నాడు.

"నీది సాంబ్రాణే. నాకు తెల్వదా? నీ సాంబ్రాణి వాసన అడ్డం పెట్టుకొని ఎవడో దొంగ మన చాలీల తంబాకు తాగుతుండు. ఎంత తెలివి చూడు వానిది! అధ్యక్షునివి నువ్వు. నడువ్, ఖోలీ ఖోలీ చూద్దాం."

"పూజ నడుమల లేవొద్దు కాకా."

"నువ్వు పోయి రా అన్నా" అంది వెనకే వచ్చిన తారాబాయి. "పూజ కాడ నేను కూసుంట."

ఆమె అప్పటికే చెప్పులు విడిచి గడప మీద కాలు పెట్టింది. "ఒక్క నిమిషం, బట్ట మార్చుకుంట" అని రాజలింగం తలుపు వేసి, సిగారు తీసి చుట్టూ చూశాడు. నీళ్లలో ముంచితే తర్వాత రాయడానికి ఏమీ మిగలదు. బల్ల మీద కళ్లజోడు డబ్బా కనబడింది. నిప్పును గోడకేసి నొక్కి, సిగారును డబ్బాలో పెట్టి, అట్టతో పాటు జుబ్బా జేబులో దోపుకున్నాడు. స్టాండులో రెండు ఊదుబత్తులు గుచ్చి బయటికి వచ్చాడు. ఆరిన చుట్ట కంపు, మండుతున్న చుట్ట కంపుకు నాలుగింతలని పదకొండేళ్ల అనుభవంలో అతనికి తెలుసు. ఆ క్షణాన గుర్తు రాలేదు.

మొదట తారాబాయి ఖోలీయే చూశారు. శంకర్రావు ఒక్కడే లోపలికి వెళ్లి వాసన చూసి, ఏమీ లేదని వచ్చేశాడు. గడప దగ్గర రాజలింగం పక్కన నిలబడగానే ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

"ఉంది! తారాబాయ్, మీ ఖోలీల తంబాకు ఉంది!"

తారాబాయి పూజ వదిలిపెట్టి పరుగెత్తుకొచ్చింది. "ఏం మాట్లాడుతున్నవ్ కాకా? నేను తాగుతనా? ఇంట్ల మొగోడు దుబాయిల ఉండె. ఆడ తాగితే ఈడికొచ్చిందా పొగ?"

శంకర్రావు కాగితం మీద ఆమె పేరు రాసుకున్నాడు. రెండో గడప దగ్గరా అంతే. ఆయనొక్కడూ లోపలికి వెళితే ఏమీ ఉండదు. సాక్షిగా రాజలింగాన్ని పిలిస్తే వాసన గుప్పుమంటుంది. మూడో ఇంట్లో బడి పంతులమ్మ సారిక నోట్సులు దిద్దుకుంటోంది. ఆమె శంకర్రావుకు మరాఠీలో ఒక పూట సరిపడా చీవాట్లు పెట్టి, ఆయన వెళ్లిపోతుంటే తెలుగులో మిగిలినవి పెట్టింది. ఆమె పేరూ కాగితంలోకెక్కింది. రాజలింగం వీలైనంత వెనక, మెట్ల మలుపులో నిలబడడానికి ప్రయత్నించాడు. శంకర్రావు వదల్లేదు.

"నువ్వు పక్కన్నే ఉండు రాజలింగం. నువ్వొస్తెనే బరాబర్ తెలుస్తుంది. నీ అడుగు మంచిది."

పదకొండు గంటలకల్లా రెండు అంతస్తుల్లో పదకొండు ఇళ్ల పేర్లు కాగితం మీద ఉన్నాయి. రెండేళ్లుగా పొగ ఎరగని చాలీ మొత్తం దొంగచాటుగా తాగుతోందని శంకర్రావు తేల్చాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "అందరు తాగుతుండ్రు. ఖాలీ నేనొక్కన్నే మానినట్టున్న" అన్నాడు. నింద పడ్డ పదకొండు ఇళ్లవాళ్లూ వెంట నడుస్తూ ఆయన్ని తిడుతున్నారు. తిట్టడంలో మధ్యమధ్య ఒకరి మీద ఒకరికి కూడా అనుమానం కలుగుతోంది. ఆ ఊరేగింపు పై అంతస్తులో చివరి ఖోలీ ముందు ఆగింది.

ఆ ఖోలీలో నర్సింహులు, అతని తల్లి బాలమ్మ నాలుగు నెలలుగా అద్దెకుంటున్నారు. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. కొడుకు కొత్త బిల్డింగుల్లో సెంట్రింగు పని చేస్తాడు. తల్లి అక్కడి కూలీలకు వంట చేస్తుంది. మంచి చెడ్డలకు ఎవరూ పిలవకపోయినా, చాలీలో నీళ్ల దగ్గర తగాదా వస్తే మాత్రం వాళ్ల పేరే ముందు వినబడుతుంది. శంకర్రావు లోపలికి వెళ్లాడు. ఈసారి రాజలింగం గడప దాకా రాకముందే కేక వినబడింది.

"దొరికింది!"

గూట్లో గుడ్డ మూట, అందులో అయిదు నాటు చుట్టలు. పదకొండు ఇళ్లవాళ్లూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. అందరి మీద పడిన నింద ఒకే గూట్లోకి చేరిపోయింది.

"అనుకున్న నేను" అంది తారాబాయి.

"గవి నావే" అంది బాలమ్మ. అరవై దాటిన మనిషి, నెమ్మదిగా లేచి నిలబడింది. "ఊరికెళ్లి తెచ్చుకున్న. గని ఖోలీల తాగ. పొద్దుమీకి కింద ఫుట్‌పాత్ మీద కూసొని తాగుత. కింద మీరు రాసిన బల్ల నా కొడుకు సదివి చెప్పిండు."

"చూడుండ్రన్నా, మా అవ్వ అబద్ధమాడదు" అన్నాడు నర్సింహులు. "ఇప్పటికిప్పుడు ఎల్లగొడితే ఏడికి పోవాలె? మల్ల సైటు మీద రేకుల కిందనే పండాలె."

శంకర్రావు అప్పటికే ఫోన్ తీసి ఖోలీ ఓనరు నంబరు వెతుకుతున్నాడు. వెతుకుతూనే, "అధ్యక్షుడు ఒక మాట చెప్పాలె" అన్నాడు.

రాజలింగం బాలమ్మ వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడడం లేదు. అయిదు చుట్టలనూ గుడ్డలో మళ్లీ చుట్టి, గోడకున్న గిన్నెలు దించుతోంది. ఖాళీ చేయడం ఆమెకు అలవాటైన పనిలాగే ఉంది. పెద్ద స్టూవర్డు పోస్టు, నల్లబల్ల, రత్నాబాయి ముఖం అన్నీ అతని కళ్ల ముందు తిరిగి, ఆ గిన్నెల చప్పుడు దగ్గర ఆగిపోయాయి.

"కాకా, ఫోన్ పెట్టెయ్. తాగింది నేను" అన్నాడు.

సారిక టీచరు చేతులు జోడించింది. "ఎంత పెద్ద మనసు సార్ మీది! పేదోళ్ల మీద తప్పు పడొద్దని మీ మీద ఏసుకుంటున్నరు."

"లేదమ్మా, నిజంగ నేనే."

"ఊకో అన్నా" అంది తారాబాయి కళ్లొత్తుకుంటూ. "పూజల కూసున్నోనివి నువ్వు. నేను చూడలే?"

రాజలింగం జేబులోంచి కళ్లజోడు డబ్బా తీసి తెరిచాడు. కొంచెం కాలిన సిగారు చూసి జనం వెనక్కి జరిగారు. శంకర్రావు మాత్రం అతని భుజం తట్టాడు. "చూసిండ్రా? దొంగ సరుకు ఎప్పుడో పట్టుకున్నడు. పట్టుకొని కూడ పేరు బయట పెట్టకుంట జేబుల పెట్టుకొని తిరుగుతుండు, మహానుభావుడు!"

ఇక మాటలతో లాభం లేదనుకున్నాడు రాజలింగం. నర్సింహులు వాళ్ల పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె తీసుకుని, అందరూ చూస్తుండగా సిగారు అంటించి ఒక దమ్ము లాగాడు. మళ్లీ మింగాడు. దగ్గుతో మనిషి రెండుగా వంగిపోయాడు. తారాబాయి నీళ్లకు పరుగెత్తింది. శంకర్రావు జనం వైపు తిరిగి, "తాగెటోని తీరా ఇది? మీరే చెప్పుండ్రి" అన్నాడు.

బాలమ్మ గిన్నె కింద పెట్టి వచ్చింది. అతని వేళ్ల మధ్య నుంచి సిగారు తీసుకుని, నిప్పు గోడకు నొక్కి ఆర్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖంలో మొదటిసారి కోపం కనబడింది.

"గింత మంచి ఆకు పాడు జేస్తున్నవ్ గదా బిడ్డా! గట్ల గుంజుతరా? గిది నోట్లె ఆడియ్యాలె. నడువుండ్రి కిందికి. నేను లోపల తాగ."

ఎందుకు వెళుతున్నారో ఎవరికీ సరిగా తెలియకుండానే చాలీ మొత్తం మూడు అంతస్తులు దిగింది. బాలమ్మ ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. చీలిన కొనను ఉమ్మితో తడిపి అతికించింది. అగ్గిపుల్లను దూరంగా పట్టుకుని, చుట్టను వేళ్లతో తిప్పుతూ చుట్టూరా సమంగా నిప్పు రానిచ్చింది. ఒకే ఒక్క పుల్ల. రాజలింగం పదకొండేళ్లలో ఎందరికో అంటించాడు కానీ అంత కుదురుగా ఎప్పుడూ రాలేదు. ఆమె పొగను బుగ్గల్లో ఉంచి, కళ్లు మూసుకుని, మెల్లగా వదిలింది.

"ఎట్లుందవ్వా?" అని అడిగాడు అతను. అడుగుతూనే అట్ట, పెన్ను బయటికి తీశాడు.

"మొదలు బెల్లం. మంచి బెల్లం గాదు, పెనం అడుగున మాడి అంటుకుంటది సూడు, గది." రెండు దమ్ముల తర్వాత మళ్లీ చెప్పింది. "ఇప్పుడు కొత్త చెప్పులు నానేసిన నీళ్ల వాసన. చెడ్డగ లేదు." రాజలింగం గబగబా రాస్తున్నాడు. చుట్టూ ముప్పై మంది ఉన్నారన్న సంగతి అతనికి పట్టలేదు. చివరికి వచ్చేసరికి ఆమె కళ్లు తెరిచింది. "కొసకు జొన్నరొట్టె అంచు కాలినట్టున్నది. ఆకు పండించినోడు మంచోడే. గని మాగేసినోడు ఆగలే. ఇంకో నాలుగు నెలలు మూట గట్టి ఉంచితె నాలిక మీద గీ గరుకు ఉండకపోను."

సారిక టీచరు అతని భుజం మీదుగా తొంగి అట్ట చదివింది. పైన ఇంగ్లీషులో హోటల్ పేరు, దాని కింద 'స్టూవర్డు: రాజలింగం' అని ఉంది. 'మొదటి భాగం రుచి' ఎదురుగా అతని చేతిరాతలో 'వేడి పొగ' అని రాసి కొట్టివేసి ఉంది. ఆమె అది పైకే చదివింది. అప్పుడు నమ్మారు.

తిట్లు మొదలుకాకముందే రాజలింగం లేచి, మెట్ల కిందికి వెళ్లి, సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద తన పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. సొంత ఖోలీ కనుక ఖాళీ చేయించే నియమం అతనికి వర్తించలేదు. బాలమ్మ తాగింది చాలీ బయట కాబట్టి రెండో పేరు రాయడానికి నియమం ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నమే అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చాడు. సంఘం శంకర్రావుకు పదవి ఇచ్చింది కానీ, పదకొండు ఇళ్లవాళ్లు ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు.

రెండు గంటలకు రత్నాబాయి, మనాలి దాదర్ నుంచి వచ్చారు. రత్నాబాయి బల్ల ముందు నిలబడి ఆ పేరును రెండుసార్లు చదివింది. మెట్ల మీద కూర్చుని ఉన్న భర్తను అప్పుడు చూసింది.

"ఈ అక్షరం నీదేనా?"

"నాదే."

"ఎప్పటి సంది?"

"ఇయ్యాల తొమ్మిదిన్నర సంది."

ఆమె శ్రీమంతంలో ఇచ్చిన లడ్డూల పొట్లం అతని చేతిలో పెట్టబోయి, మళ్లీ ఆలోచించుకుని, కూతురి చేతిలో పెట్టింది.

సోమవారం హోటల్లో ముగ్గురి అట్టలూ కంపెనీ పెద్దమనిషి ముందు పెట్టారు. మిగతా ఇద్దరూ పుస్తకం చూసి రాశారు. రాజలింగం తన అట్ట మీది తెలుగును నోటితో ఇంగ్లీషు చేసి వినిపించాడు. మాడిన బెల్లం దగ్గర ఆయన ముందుకు వంగాడు. నానిన చెప్పుల దగ్గర నవ్వాడు. నాలుగు నెలల మాట దగ్గర మాత్రం నవ్వు ఆపి, నిలేష్‌ను బయటికి పంపి తలుపు వేశాడు. ఆ రకాన్ని పండగ అమ్మకాల కోసం నాలుగు నెలలు ముందే గోదాములోంచి తీశారన్న సంగతి కంపెనీలో ముగ్గురికే తెలుసు.

"ఇది నువ్వే తాగి చెప్పావా?" అని అడిగాడు.

ఒక్క 'అవును'తో పోస్టు వచ్చేది. కానీ ఆదివారం తర్వాత రాజలింగానికి ఇంకో అబద్ధం మోసే ఓపిక లేదు. ఉన్నదంతా చెప్పి, పోస్టు పోయిందనుకుంటూ ఇంటికి వచ్చాడు. మూడో రోజు నిలేష్ పిలిచి కాగితం చేతికిచ్చాడు. రుచి చెప్పే పనికి కంపెనీ బాలమ్మను తీసుకుంది, నెలకు రెండు పూటలు. ఆమె చెప్పేది పాలమూరు మాటలో ఉంటుంది. అది అర్థమయ్యేవాడు ఆ హోటల్ మొత్తానికి ఒక్కడే. అందుకని పెద్ద స్టూవర్డు పోస్టు రాజలింగానికి ఇచ్చారు.

మొదటి పూట బాలమ్మ ఉతికిన నేతచీర కట్టుకుని తోలు కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. రాజలింగం తెల్ల చేతిగుడ్డ భుజాన వేసుకుని, సిగారు కోసి, దేవదారు పుల్లతో అంటించి, వంగి అందించాడు. ఆమెను మేడమ్ అనాలని నిలేష్ ముందే చెప్పి ఉంచాడు.

రెండో చుట్ట చెమ్మగా ఉందని మేడమ్ వెనక్కి పంపింది.